టీచరమ్మ మహత్తా, అమహత్తా?

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు కమిటీవాళ్లు రెండు పేజీలన్నారు. బడి సంగతులు రాయి, యూనివర్సిటీలో ఏం చెప్తున్నవో అది కూడా కొంచెం రాయి అన్నారు. గంట మామ, చింతచెట్టు, లెక్కల సారు సైకిలు బక్కోడి వాటా, పోయిన సంచికలోనూ వాడే రాసిండు. తొమ్మిదో తరగతి నాకు మొత్తానికే గుర్తు లేదు. పదిలో తెలుగు టీచరమ్మ వ్యాకరణం పీరియడు ఒక్కటి చాలు. నేను ఎంఏ వాళ్లకు చెప్తున్న "క్రైస్తవ లేఖనాల్లో స్త్రీలు" పేపరు సగం ఆ పీరియడులోంచే వచ్చింది.

తెలుగు వ్యాకరణంలో పురుషులు మహత్తులు. స్త్రీలు, పశువులు, వస్తువులు అమహత్తులు. బహువచనానికి వచ్చేసరికి మాత్రం స్త్రీలు మహత్తుల్లో చేరతారు. ఆమె వచ్చింది, బర్రె వచ్చింది. వాళ్లు వచ్చిండ్రు, బర్రెలు వచ్చినయి. "మరి మీరు వస్తే మహత్తా, అమహత్తా టీచర్?" అని వెనక బెంచీ లీడరు లేచిండు (ఎవరో చెప్పక్కర్లేదు). "'మీరు' అన్నవు కదరా, మహత్తే. 'నువ్వు' అనేదాకా నాకు ఢోకా లేదు" అన్నది టీచరమ్మ. క్లాసంతా నవ్వింది, ఆమె నవ్వలే.

ఈ పేపరు చెప్పేవాళ్లు మొదటి వారమే సిద్ధాంతాలు ఎత్తుకుంటే క్లాసు చేజారుతుంది. చర్చికి పోయే పిల్లలు ప్రసంగం మొదలుపెడతారు, మిగతావాళ్లు నోట్సు రాసుకుంటూ కూర్చుంటారు. ముందు బైబిలు మొదటి పుస్తకం ఆదికాండములో 16, 21 అధ్యాయాలు జిరాక్సు తీసి ఇవ్వాలి, రెండు రంగుల పెన్సిళ్లు తెమ్మనాలి. అబ్రాము భార్య శారయి దాసి హాగరును "అది, దీని, దాని" అన్నచోట ఒక రంగు, "ఆమె" అన్నచోట ఇంకో రంగు. పాత తెలుగు బైబిల్లో శారా (శారయికే తర్వాతి పేరు) "ఈ దాసిని దీని కుమారుని వెళ్లగొట్టుము" అంటుంది. ఆ "దీని" కింద గీత పడ్డంక ఎవరికీ ఉపన్యాసం అక్కర్లేదు. తర్వాత ఇంకో ప్రశ్న: హాగరును పేరుపెట్టి మొదట పిలిచింది ఎవరు? అబ్రాము కాదు, శారయి కాదు. వాళ్ల నోట ఎప్పుడూ దాసి అనే మాటే. 16:8లో (16వ అధ్యాయం, 8వ వచనం) దేవదూత పిలుస్తాడు.

ఇక్కడే ఒక తప్పు దొర్లుతుంది. "బైబిలే ఆమెను అది అన్నది" అని పిల్లలు రాసేస్తారు. హీబ్రూలో మన "అది, ఆమె" తేడా లేదు. ఆ చిన్నచూపు పాఠంలో ఎంత, తెలుగు సర్వనామంలో ఎంత అని విడదీయడమే ఆ వారం పని. తొందరపడితే మూలం చేసిన నేరం, అనువాదం చేసిన నేరం కలిసిపోతాయి.

తర్వాత యేసు కథ చెప్పే యోహాను సువార్త. 2:4, 4:21, 8:10, 19:26, 20:13, 20:15 వరుసగా బోర్డు మీద రాయాలి. తెలుగులో అన్నిచోట్లా "అమ్మా" అనే ఉంటుంది. గ్రీకులో అన్నిచోట్లా "గ్యునాయ్", అంటే స్త్రీ అని పిలుపు. కానా ఊరి పెండ్లిలో (2:4) కన్నతల్లిని యేసు అట్ల పిలిచిండని గ్రీకు చదివేవాడు ఉలిక్కిపడతాడు. తెలుగు చదివేవాడికి ఏమీ తెలియదు. బావి దగ్గరి సమరయ స్త్రీ (4:21) దగ్గర మాత్రం మన "అమ్మా" సరిగ్గా అతుకుతుంది, పరాయి ఆడమనిషిని మన పెద్దలు పిలిచే తీరే అది. "యేసు స్త్రీలందరికీ తల్లి స్థానమిచ్చాడు" అని జవాబుపత్రాల్లో వస్తుంది. దానికి మార్కులు వేయకూడదు.

యేసు శిష్యురాలు మగ్దలేనే మరియకు ఇంకో పద్ధతి. పుస్తకం తెరవక ముందే ఆమె గురించి తెలిసింది చిట్టీ మీద రాయించి తీసుకోవాలి. వేశ్య అని ఎక్కువమంది రాస్తారు. అప్పుడు లూకా సువార్త 7 చివరి భాగం, 8:1-3 కలిపి చదివించాలి. ఏడులో యేసు పాదాలు కన్నీళ్లతో తడిపిన పాపాత్మురాలికి పేరు లేదు. మరియ తర్వాతి అధ్యాయంలో, తన ఆస్తితో ఖర్చు భరించిన స్త్రీలలో వస్తుంది. ఇద్దరినీ ఒక్కరిని చేసిన ప్రసంగం పోపు గ్రెగొరీది, 591 నాటిది.

రూతు గ్రంథం మనవాళ్లకు నల్లేరు మీద నడక. నాలుగే అధ్యాయాలు, 85 వచనాలు. పరిగె ఏరడం, కళ్లం కాడ రాత్రి పడుకోవడం మక్తల్, అచ్చంపేట పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. పట్నం పిల్లలకే ఫుట్‌నోటు కావాలి. ఒక స్త్రీ మీద సామూహిక అత్యాచారం ఉన్న న్యాయాధిపతులు 19 మాత్రం ముందుగా చెప్పకుండా క్లాసులో చదివించొద్దు. పౌలు ఉత్తరం 1 కొరింథీ 14:34 తీసేముందు 11:5 చదివించాలి. స్త్రీలను సంఘంలో మౌనంగా ఉండమన్న ఉత్తరమే వాళ్లు ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు తలమీద ముసుగు సంగతి మాట్లాడింది. వరుస తప్పితే గంటంతా కొట్లాటే.

అసలు పీరియడు పౌలు ఇంకో ఉత్తరం, రోమా 16:7. అంద్రొనీకు, యూనీయ "అపొస్తలులలో (తొలి క్రైస్తవ ప్రచారకుల్లో) ప్రసిద్ధికెక్కినవారు". యూనీయ స్త్రీ అని నాలుగో శతాబ్దపు చర్చి బోధకుడు క్రిసోస్తోముకు అనుమానమే లేదు. తర్వాత ఆ పేరు మగపేరై, 1927 నుంచి నెస్ట్లే అనే పండితుడి పేరుతో వచ్చే గ్రీకు కొత్త నిబంధన ముద్రణల్లోనూ అట్లనే ఉండి, 1998లో మళ్లీ ఆడపేరైంది. ఇంగ్లీషు వ్యాఖ్యానాల్లో ఇంత గొడవ ఉంటే తెలుగు వాక్యం చప్పుడు లేకుండా దాటిపోతుంది: "వీరు". బహువచనం. ఆడా మగా తెలియదు, అందరూ మహత్తే. ఆ "వీరు" దగ్గర సుద్దముక్క పట్టుకుని ఆగితే, ఏ ఊరి పిల్లలైనా పది నిమిషాల్లో సంగతి పట్టేస్తున్నారు. ఈ ఏడాది ఇద్దరు దాని మీదే పీహెచ్‌డీకి చేరిండ్రు, ఒకామె మన పాలమూరే.

టీచరమ్మ చెప్పిన ఆ పాత వ్యాకరణం పుస్తకం, అట్ట చినిగి న్యూస్‌పేపరు చుట్టి ఉండేది, మీలో ఎవరి దగ్గరన్నా ఉంటే మహత్తు పాఠం రెండు పేజీలు జిరాక్సు పంపండి. నా దగ్గరున్న నోట్సులో ఉదాహరణలు సగం బర్రెల మీదనే ఉన్నయి.