పుట సంఖ్యను ఫైలు చెప్పాలా, వ్యూయర్ చెప్పాలా: నా అనుభవం

పాత పుస్తకాలను అందరికీ ఉచితంగా అందించే ఆన్‌లైన్ గ్రంథాలయం తెలుగు వికీసోర్స్ కోసం వాటి పాఠం దిద్దేవారికి రోజూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. విషయసూచికలో 37వ పుట అని ఉన్న అధ్యాయం కోసం పీడీఎఫ్‌లో 37 కొడితే మరో అధ్యాయం మధ్యలో తేలుతాం. అట్ట, అంకితం, పీఠిక కలిసి మొదటి 16 పుటలూ తీసుకోవడంతో, అచ్చులో 37గా ఉన్నది ఫైలులో 53 అవుతుంది. అందువల్ల నేను వాడే వ్యూయర్ (పీడీఎఫ్‌ను తెరిచి చూపే ప్రోగ్రాం) రూపకర్తలకు, చూపే సంఖ్యలోంచి 16 తీసివేసే సెట్టింగు ఒకటి పెట్టమని రాశాను.

వారు కుదరదన్నారు. ఇది కొద్దిమందికే అవసరమన్నది మొదటి కారణం. రెండోది, అటువంటి సెట్టింగు పెడితే పుట సంఖ్య కనిపించే ప్రతి చోటా, అంటే వెతుకులాటలోనూ ముద్రణలోనూ బుక్‌మార్కులలోనూ, ఏ సంఖ్యను చూపాలో తేల్చి ప్రతిసారీ పరీక్షించుకోవలసి వస్తుందని. మొదటి కారణాన్ని నేను ఒప్పుకోలేదు. పాత పుస్తకాలు ఎక్కువగా స్కాన్ రూపంలోనే దొరికే మన వంటి భాషల పాఠకులను లెక్కలోకి తీసుకుంటే ఆ కొద్దిమంది అంత కొద్దిమందేమీ కారు. రెండో కారణం మాత్రం సబబైనదే.

జతూరా అనే వ్యూయర్‌లో నేను కోరినటువంటి ఆదేశం ఉందని తెలిసి ప్రయత్నించాను. స్కాన్‌లో 112, 113 పుటలు లేని పుస్తకం తెరిచేసరికి దాని పరిమితి తెలిసింది: 111 వరకు లెక్క సరిపోయింది, ఆ తరువాత ప్రతి పుటా రెండు సంఖ్యలు తప్పింది. పుటలు చిరిగిపోయిన పుస్తకాలకూ, అంకె వేయని బొమ్మల పుటలున్న పుస్తకాలకూ ఒకే తీసివేత ఏనాటికీ చాలదు.

దీనికి తగిన చోటు పీడీఎఫ్‌లోనే ఉంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2008లో ప్రమాణంగా ప్రకటించక ముందు నుంచే ఆ ఫార్మాట్‌లో పుట లేబుళ్లనే ఏర్పాటు ఉంది. ఏ పుట నుంచి ఏ తరహా అంకెలు, ఏ సంఖ్యతో మొదలవుతాయో ఫైలే చెబుతుంది. పీడీఎఫ్ ఫైళ్లను మార్చే క్యూపీడీఎఫ్ అనే ప్రోగ్రాం ఇటీవలి వెర్షన్లతో ఆ వివరం రాయవచ్చు. రెండు పుటలు లేని ఆ పుస్తకానికి ఫైలులో మొదటి పుట నుంచి రోమన్ అంకెలు, 17 నుంచి 1, 128 నుంచి 114 అని ఇచ్చాను. వికీసోర్స్ సూచిక పుటలో మేము ఇచ్చే పుటల జాబితా కూడా ఈ పద్ధతిలోనే ఉంటుంది కనుక అది నాకు కొత్త కాదు. ఎవిన్స్, ఒకులర్, సుమాత్రా అనే వ్యూయర్లు మూడూ ఆ లేబుళ్లను చూపుతాయి. ఫైలు అందుకున్న వారు ఏ సెట్టింగూ మార్చనక్కరలేదు. (లేబుళ్ల తరహాలలో తెలుగు అంకెలు లేవు. పీఠికకు ౧, ౨ అని ఉన్న పుస్తకాలలో ఒక్కొక్క పుటకూ విడిగా ఆ అక్షరాన్నే ఉపసర్గగా ఇచ్చుకోవాలి. విసుగు పుట్టించే పనే, అయినా సాగుతుంది.)

అయితే అన్నింటినీ ఫైలు మీదకు నెట్టడం కుదరదు. తెర మీద కనిపించే కాగితం రంగు చదివేవారి కంటికి సంబంధించినది, అది వ్యూయర్‌లోనే ఉండాలి. ఒకులర్ దానికి సెట్టింగుల కిటికీలో చోటిచ్చింది. సుమాత్రా మెనూ పెరగకుండా అటువంటి వాటిని ఒక టెక్స్ట్ ఫైలులో ఉంచింది. రూపకర్తకు అది తెలివైన ఏర్పాటే గాని, మా బృందంలోని పెద్దవారొకరికి ఆ ఫైలులో ఏ వరుస మార్చాలో ఫోనులో చెప్పిన తరువాత ఒకులర్ పద్ధతే మేలని నాకు తోచింది.

అంచుల కత్తిరింపు మరీ చిక్కు. స్కాన్‌లో కుట్టు వైపు అంచు బేసి పుటలలో ఎడమకు, సరి పుటలలో కుడికి ఉంటుంది. ఒకులర్‌లో మనం గీసిన చట్రం అన్ని పుటలకూ ఒకటే. తానుగా కత్తిరించే పద్ధతి తెల్లని భాగాన్నే తీసేస్తుంది కనుక స్కానర్ నల్లగీతల దగ్గర ఆగిపోతుంది. ప్రస్తుతం స్కాన్ పుటలను చక్కదిద్దే స్కాన్ టైలర్ అనే ప్రోగ్రాంతో పుటలను ముందే శుభ్రం చేసుకుంటున్నాను. ఇది వ్యూయర్ చేయదగిన పనేనని నా అభిప్రాయం. బేసి, సరి పుటలకు రెండు చట్రాలు గీసే వీలు కల్పించమని, నమూనా ఫైలు జతచేసి, కొత్తగా మరో అభ్యర్థన పంపాను.