అస్సీసీలో పైనుంచి కిందికి

ఇటలీలో అస్సీసీ అని బోర్డున్న స్టేషన్లో రైలు దిగితే అస్సీసీ కనిపిస్తుంది, కానీ మనం ఇంకా అస్సీసీలో ఉండం. స్టేషన్ మైదానంలో ఉంది. ఊరు అక్కడికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో, సుబాసియో కొండ వాలు మీద ఉంది. కొండ ఎత్తు 1290 మీటర్లు. ఊరు అందులో మూడో వంతు ఎత్తులోనే ఆగిపోయింది. ఇళ్ళు, గుళ్ళు, కోటగోడలు అన్నిటికీ ఆ కొండ సున్నపురాయే వాడారు. లేత గులాబీ, తెలుపు కలిసిన రాయి. సాయంత్రపు ఎండలో ఏది కొండో ఏది ఊరో తెలియదు.

మొదటి సాయంత్రం, అందరిలాగే మేమూ నేరుగా, ఆస్తి వదిలి పేదగా బతికిన ఈ ఊరి సన్యాసి పునీత ఫ్రాన్సిస్ సమాధికే వెళ్ళాం. సమాధి ఉన్న బసిలికా, అంటే పెద్ద చర్చి, ఊరికి పడమటి కొసన ఉంది. పూర్వం అక్కడ నేరస్థులను చంపేవారట. దాన్ని నరకపు గుట్ట అనేవారు. తనను అక్కడే పాతిపెట్టమని ఫ్రాన్సిస్ కోరాడని ఊళ్ళో చెప్పుకుంటారు. 1228లో పునాదిరాయి వేసి, 1230లో దేహాన్ని అక్కడికి తెచ్చారు. పొరుగున ఉన్న పెరూజావాళ్ళు ఎత్తుకుపోతారేమోనన్న భయంతో ఎంత భద్రంగా దాచారంటే, 1818 దాకా అది మళ్ళీ ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు ఇనుప చట్రం వెనక మామూలు రాతిపెట్టె కనిపిస్తుంది. జపమాలను దానికి తాకించాలని అమ్మ చాలా ప్రయత్నించింది, చెయ్యి అందలేదు.

చాలామంది యాత్ర అంతటితో అయిపోతుంది. బస్సు దిగడం, బసిలికా చూడడం, ఫొటోలు, మళ్ళీ బస్సు. "ఊరిని పైనుంచి కిందికి నడిచి చూడండి, అప్పుడే అర్థమవుతుంది" అని మా చర్చి విచారణ గురువుగారు ముందే చెప్పి పంపారు. అందుకే మర్నాడు పొద్దున్నే ఊరి పైభాగంలో సాన్ రుఫీనో కేథడ్రల్ దగ్గర మొదలుపెట్టాం. ఆ వీధుల్లో ఒకప్పుడు ప్రభు కుటుంబాలు ఉండేవి. ఫ్రాన్సిస్ బాటలో నడిచి సన్యాసిని అయిన పునీత క్లారా పుట్టిల్లు ఆ గుడి పక్కనే. ఫ్రాన్సిస్‌కీ క్లారాకీ జ్ఞానస్నానం ఇచ్చింది అక్కడి తొట్టిలోనేనని నమ్మకం. ఫ్రాన్సిస్ తండ్రి బట్టల వ్యాపారి, వాళ్ళ ఇల్లు ఇంకాస్త కిందికి, ఊరి నడిబొడ్డున. 1198లో వ్యాపారులూ మామూలు జనమూ ఏకమై శిఖరం మీది కోటను కూలగొట్టారు. ప్రభువులు పెరూజాకు పారిపోయారు. 1202లో రెండు ఊళ్ళకీ యుద్ధం జరిగింది. కుర్రవాడైన ఫ్రాన్సిస్ అందులో పట్టుబడి ఏడాదిపాటు పెరూజా జైల్లో ఉన్నాడు. మేం కోట దాకా ఎక్కలేదు, అమ్మ మోకాళ్ళు ఒప్పుకోలేదు.

నడిమి కూడలికి దిగితే చరిత్ర ఇంకో వెయ్యేళ్ళు వెనక్కి వెళ్తుంది. రోమన్ల కంటే ముందు ఈ కొండ ఉంబ్రి జాతివాళ్ళది. టైబర్ నదికి అవతల ఎట్రుస్కన్లనే మరో జాతివాళ్ళు ఉండేవారు. తర్వాత రోమన్లు వచ్చి, వాలుకు అడ్డుగోడలు కట్టి, అంచెలంచెలుగా చదును చేసి ఊరు పెంచారు. ఇప్పటి కూడలి కింద వాళ్ళ కూడలి ఇంకా ఉంది, నేలమాళిగలోంచి వెళ్ళి చూడొచ్చు. పైన కనిపించేది రోమన్ల దేవత మినర్వా గుడి. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు ఆరు స్తంభాలు చెక్కు చెదరలేదు. చోటు చాలక మెట్లను స్తంభాల మధ్యలోంచే పోనిచ్చారు. ఒక్కో స్తంభం దిమ్మ పక్కనుంచి మెట్టెక్కాలి, రాయి అరిగి నున్నగా ఉంది. కేసియస్ ఇంటిపేరున్న అన్నదమ్ములిద్దరు సొంత డబ్బుతో దీన్ని కట్టించామని శాసనం వేయించుకున్నారు, మన గుళ్ళలో మెట్ల మీద దాతల పేర్లు చెక్కించినట్టే. 1539లో ఇది మరియమాత గుడి అయింది. జర్మన్ కవి గోథే 1786లో ఈ స్తంభాలు చూడడానికే కొండెక్కి, ఫ్రాన్సిస్ బసిలికాను పట్టించుకోకుండా వెళ్ళిపోయాడు. ఆయన లోకం ఆయనది!

గుడి పక్క గడియారపు బురుజు అడుగున ఇటుక, పెంకు, బట్ట కొలతలు 14వ శతాబ్దంలో గోడకే బిగించి పెట్టారు. మూర తక్కువ కొలిచాడని అనుమానం వస్తే బట్ట తెచ్చి ఇక్కడ సరిచూసుకోవచ్చన్నమాట. ఫ్రాన్సిస్ తర్వాతి కాలానివే అయినా, అతను పుట్టింది ఎలాంటి బజారులోనో నాకు వాటిని చూశాకే తెలిసింది.

తండ్రి ఆస్తి వద్దనుకున్నాక, ఒంటి మీది ఆ బట్టలనే ఫ్రాన్సిస్ బిషప్ ఎదుట విప్పి తండ్రికి ఇచ్చేశాడు. ఆ చోటు కూడలికి దిగువన ఉంది. పదిహేనేళ్ళకే చనిపోయి, 2025లో పునీతుడైన కార్లో అకూతిస్ దేహం కూడా అక్కడే ఉంది కాబట్టి కుర్రకారు బారులు తీరారు. అక్కడినుంచి ప్రాకారం దాటి కిందికి దిగితే ఆలివ్ చెట్ల మధ్య సాన్ దమియానో. పైవీధి అమ్మాయి క్లారా 1253లో కన్నుమూసేదాకా ఈ చిన్న మఠంలోనే ఉంది.

"ఇద్దరూ ఉన్నవాళ్ళ పిల్లలే. ఆ తల్లులు ఎంత ఏడ్చి ఉంటారే!" అంది అమ్మ, అరుగు మీద చతికిలబడి.

ఇంకా కింద, మైదానంలో కుష్ఠు రోగులను ఉంచేవారు. ఫ్రాన్సిస్ వాళ్ళ దగ్గరికే చేరాడు. పోర్జియుంకోలా అనే అతని చిన్న గుడి సుమారు నాలుగు మీటర్ల వెడల్పు, ఏడు మీటర్ల పొడవు ఉంటుంది. దాని మీద పెద్ద బసిలికా కట్టేశారు, గుడి లోపల గుడి. పక్కనే, 1226 అక్టోబర్ 3 సాయంత్రం, నేల మీద పడుకోబెట్టమని అడిగి ప్రాణం విడిచాడు. మర్నాడే ఊరివాళ్ళు దేహాన్ని మళ్ళీ కొండ మీదికి మోసుకుపోయారు.