తిరువాన్మియూరు నుంచి పుదుచ్చేరి: నాలుగు హ్యాండిల్‌బార్లు, నాలుగు టేపులు

తెల్లవారుజామున నాలుగున్నరకి చెన్నై తిరువాన్మియూరులో సైకిళ్ల మీద బయల్దేరాం. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద పుదుచ్చేరి దాదాపు 150 కిలోమీటర్లు. నలుగురివీ డ్రాప్ బార్ సైకిళ్లే, అంటే హ్యాండిల్ చివరలు కొమ్ముల్లా కిందికి వంగినవి. పట్టు కోసం బార్‌కి చుట్టే టేపులు మాత్రం నాలుగు రకాలు: 1.8 మిల్లీమీటర్ల మందంతో పల్చటిది, 2.5 కార్క్ మిశ్రమం, 3.2 పాలీయురెథేన్ (ఒకరకం ప్లాస్టిక్), కింద జెల్ ముక్కలు పెట్టి పైన చుట్టినది.

ముట్టుకాడు వంతెన దాటేసరికే అరచేతులు తడిసిపోయాయి. చెన్నైలో చెమట ఆరదు. అందుకే ఇక్కడ మందం కంటే ముందు చూడాల్సింది పట్టు. కార్క్ టేపు కొంత చెమట పీల్చుకుంటుంది, చేతికి మెత్తగా ఉంటుంది, కానీ త్వరగా మురికిపట్టి అంచులు చిరుగుతాయి. పాలీయురెథేన్‌లో నున్నగా మెరిసేది వద్దు. తడి చేత్తో కొట్లో పట్టుకుని చూడండి, జారితే అక్కడే వదిలేయండి.

మహాబలిపురంలో ఇడ్లీల దగ్గర చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కాయన్నది ఎవరో తెలుసా? జెల్ టేపు వాడు! ఆ రెండు వేళ్లకి వెళ్లే నరం అరచేతి మొదట్లో చిటికెన వేలి వైపుగా పోతుంది. బరువంతా అక్కడ పడితే ఎంత మెత్తటి టేపూ ఆపలేదు. చూస్తే సీటు ముక్కు కిందికి వంగి ఉంది, ఒళ్లు ముందుకి జారి బరువు చేతుల మీదకొస్తోంది. అలెన్ కీతో సీటు సమం చేశాం. 28 మిల్లీమీటర్ల టైర్లలో గాలి 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టించుకొచ్చాడు, 75కి దించాం. దారిలో అదురు తగ్గింది. టేపు కొనేముందు ఈ రెండూ చూసుకుంటే డబ్బు మిగులుతుంది.

ఇంకో మాట. మందం ఎక్కువైతే బార్ లావవుతుంది. చిన్న చేతులవాళ్లు గట్టిగా పిసికి పట్టుకోవాల్సొచ్చి ముంజేతులు అలిసిపోతాయి. నా లెక్కలో దూరప్రయాణానికి 2.5 నుంచి 3 చాలు.

కల్పాక్కం దాటాక ఎండ ముదిరింది. మరక్కాణం ఉప్పుమళ్ల దగ్గర ఒకరి టేపు స్టెమ్ (బార్‌ని మధ్యలో పట్టి ఉంచే ముక్క) పక్కన ఊడిపోయింది. కారణం రెండు. చివర పెట్టిన ఇన్సులేషన్ టేపు జిగురు వేడికి కరిగిపోయింది. చుట్టిన దిశా తప్పే. దిశ ఇలా ఉండాలి: సీటు మీంచి చూస్తే కింది కొమ్ము నుంచి మొదలుపెట్టి కుడివైపు గడియారపు ముల్లు తిరిగే దిశలో, ఎడమవైపు దానికి వ్యతిరేకంగా. కింది కొమ్ముల్లో చేయి బయటికి తిరుగుతుంది, దాంతో టేపు బిగుసుకుంటుంది. పై బార్ మీద మాత్రం టేపు పైనుంచి మన వైపుకి రావాలి, అందుకే బ్రేక్ లివర్ చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పి దిశ మార్చాలి. లివర్‌ని బార్‌కి బిగించే క్లాంప్ కనబడకుండా ముందే చిన్న ముక్క అంటించుకోవాలి.

మొదలుపెట్టేటప్పుడు కొమ్ము చివర సగం వెడల్పు బయటికి వదిలి, చుట్టడం అయ్యాక దాన్ని బార్ లోపలికి మడిచి ప్లగ్ (చివర మూత) నొక్కాలి. ప్రతి చుట్టూ ముందుదాని మీద మూడో వంతు ఎక్కాలి, వంపు బయటివైపు ఇంకొంచెం, లేకపోతే అక్కడ నోరు తెరుస్తుంది. టేపు సాగేంత బిగించాలి, తెగేంత కాదు. జతలో ఒక్కో టేపు దాదాపు రెండు మీటర్లు ఉంటుంది, మరీ ఎక్కువ మీద ఎక్కిస్తే చివర్లో చాలదు. ముగింపుని ఏటవాలుగా కోసి, ఇన్సులేషన్ టేపుని కొంచెం లాగి మూడు చుట్లు వేయాలి. చివరి చుట్టు మాత్రం లాగకుండా అంటిస్తే అంచు లేవదు.

పుదుచ్చేరి చేరాక ఊడిన పాత టేపు పూర్తిగా విప్పితే అల్యూమినియం బార్ మీద తెల్లటి పొడి కనిపించింది. చెమట ఉప్పు పని అది. తుడిచి చూశాం, గుంటలు పడలేదు. పడి ఉంటే బార్ మార్చాల్సిందే, టేపు కాదు. స్పిరిట్‌తో జిగురు తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్తది చుట్టాం.