ఎత్తులో మెత్తబడని కందిపప్పు: పిన్ పార్వతి సన్నాహాల తాజా సంగతి

హిమాచల్ ప్రదేశ్‌లో కుల్లు వైపు నుంచి స్పితికి దాటే పిన్ పార్వతి కనుమ నడక కోసం, వేడినీళ్లు పోస్తే చాలు సిద్ధమయ్యే ఎండు తిండిని ఇంట్లో తయారుచేసి పరీక్షిస్తున్నాను. అందులో పప్పుచారు అన్నం ఈసారీ కుదరలేదు. ఆ నిరాశతోనే ఇది రాస్తున్నాను. ఎండబెట్టిన మిశ్రమంలో 86 డిగ్రీల నీళ్లు పోసి, మూతపెట్టి, వేడి నిలిపే సంచిలో ఇరవై అయిదు నిమిషాలు ఉంచి తీస్తే, అన్నం మెత్తబడింది, చారు వాసన ఇంట్లో కాచినట్టే వచ్చింది, కాని ప్రతి ముద్దలోనూ పప్పు బద్దలు పంటికి గట్టిగా తగిలాయి. ఒక బద్దను గోటితో చీల్చి చూశాను. బయటి పొర లేత పసుపు రంగులో మెత్తగా జారిపోతోంది. లోపల మాత్రం ఆవగింజంత మేర ముదురు నారింజ రంగులో, తడి సోకని పలుకు అలాగే నిలిచి ఉంది.

86 డిగ్రీల లెక్క ఆ దారిలో వచ్చే మాన్‌తలాయి సరస్సు దగ్గరి మకాం కోసం వేసుకున్నది. ఆ చోటు సుమారు 4,100 మీటర్ల ఎత్తున ఉంది. దాదాపు మూడు వందల మీటర్లు పైకి వెళ్లినప్పుడల్లా నీరు మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గుతుంది కనుక, హైదరాబాదులో 98 డిగ్రీల దగ్గర తెర్లే నీళ్లు అక్కడ 86 దగ్గరే తెర్లుతాయి, కనుమ కింది మకాంలో 84 డిగ్రీలకు మించవు. అందుకే ఇంట్లో చేసే ప్రతి పరీక్షలోనూ నీళ్లను పూర్తిగా మరగనివ్వకుండా, థర్మామీటరు 86 చూపగానే పొయ్యి ఆపేస్తున్నాను. ఇక్కడ మరిగే నీళ్లతో వంట కుదిరిందని సంతోషించడం వల్ల అక్కడ ఏ ఉపయోగమూ ఉండదు.

చిన్న ప్రెషర్ కుక్కరు మోసుకెళ్లవచ్చు కదా అని మా బృందంలోనే అడిగారు. మోసే మనుషులు ఉన్న బృందానికి కుక్కరును మించిన సాధనం లేదని నేనూ నమ్ముతాను. అయితే 5,319 మీటర్ల కనుమ దగ్గర హిమానీనదం దాటాలి, అక్కడికి కంచరగాడిదలు రాలేవు, మా సామాను మేమే మోస్తున్నాం. ఖీర్‌గంగ దాటిన తరువాత స్పితి వైపున ముద్ గ్రామం చేరేదాకా నమ్ముకోదగ్గ దుకాణం లేదు కాబట్టి, సంచిలో చేరే ప్రతి వంద గ్రాములకూ సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. పెసరపప్పు ఇదే పద్ధతిలో మొదటే చక్కగా కుదిరింది. అయినా కందిపప్పును వదలలేకపోతున్నాను, ఎందుకంటే ఎత్తుకు పోయేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు మనిషి చేత నాలుగు ముద్దలు తినిపించేది కేలరీల లెక్క కాదు, చిన్నప్పటి నుంచి నాలుకకు అలవాటైన రుచి.

ఇక కొలతలు. వాడినది తాండూరు కందిపప్పు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పప్పు త్వరగా ఉడుకుతుంది, రుచిలో నాకు దానికి సాటి లేదు. బద్ద చెదరకుండా కుక్కరులో ఉడికించి, నీరు వార్చి, ఆరబెట్టే యంత్రం పళ్లేలలో ఒకే వరసగా పరిచాను. ఉడికిన పప్పు 92 గ్రాములు ఎండాక 30 గ్రాములైంది. ఆ 30 గ్రాములను తిరిగి నానబెట్టి, నీరు వార్చి తూస్తే 92కు ఎంత దగ్గరగా వస్తుందన్నదే నా పరీక్ష.

మొదటి అనుమానం యంత్రం మీదకే పోయింది. దాని తెర మీద 60 డిగ్రీలని ఉంటే, విడిగా తీగ థర్మామీటరు పెట్టి చూసినప్పుడు అడుగు పళ్లెంలో 71, మధ్య పళ్లెంలో 62, పై పళ్లెంలో 54 డిగ్రీలు వచ్చాయి. అడుగు పళ్లెంలోని పప్పు ఆరు గంటల్లో ఎండింది, పైది పదకొండు గంటలు తీసుకుంది. రెండింటినీ విడివిడిగా నానబెడితే అడుగుది 58 గ్రాములకు, పైది 69 గ్రాములకు చేరాయి. ఎక్కువ వేడికి బయటి పొర ముందే బిగుసుకుపోయి, తరువాత నీటిని లోపలికి పోనివ్వడం లేదని నా ఊహ. అయితే 69 కూడా చాలదు, పై పళ్లెం బద్దల్లోనూ పలుకు ఉంది.

తరువాత నీళ్లు. మా అపార్ట్‌మెంటు బోరునీటిలో కాల్షియం ఎక్కువ, కాల్షియం పప్పును మెత్తబడనివ్వదు. శుద్ధి చేసిన నీటితో నానబెట్టి చూస్తే తేడా రెండు గ్రాములే వచ్చింది. కాబట్టి నానబెట్టే దశలో నీళ్లు ప్రధాన దోషి కాదు. కుక్కరు దశలో మాత్రం బోరునీటికి రెండు కూతలు అదనంగా పట్టాయి కనుక, ఇక మీదట ఉడికించడానికి మంచినీళ్లే వాడతాను.

మూడోది చింతపండు. "ముందే పులుసు పోస్తే పప్పు ఉడకదురా, మెత్తబడ్డాకే పొయ్యాలి" అని అమ్మ ఎప్పుడూ అనే మాటే ఇక్కడా నిలబడింది. చారుపొడి కలపకుండా ఉత్త నీటిలో నానబెడితే పై పళ్లెం పప్పు 74 గ్రాములకు వచ్చింది. పులుపు పప్పు కణాల గోడలను గట్టిగా పట్టి ఉంచుతుంది కనుక, చారుపొడిని విడి పొట్లంలో కట్టి తినే ముందు కలపడమే సరైన పద్ధతి. పోపు నూనెనూ విడిగానే తీసుకెళతాం. ఎండిన తిండిలో కలిసిన నూనె త్వరగా కనరెక్కుతుంది.

నాలుగోది వేడి తగ్గడం. వంటింటి గట్టు మీద సంచిలో పెట్టిన గిన్నె ఇరవై అయిదు నిమిషాల్లో 86 నుంచి 67 డిగ్రీలకు దిగింది. మాన్‌తలాయి దగ్గర సాయంత్రం చలి ఎలా ఉంటుందో ఇక్కడ తెలుసుకోవడానికి, అదే గిన్నెను సంచితో సహా 5 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టాను. అది 58కి పడిపోయింది. మధ్యలో ఒకసారి తీసి మళ్లీ వేడిచేస్తే పప్పు 76 గ్రాములకు చేరింది. అందుకు అదనంగా ఖర్చయిన గ్యాసు 3 గ్రాములు. పూటకు అంత పెద్ద భారం కాదు. ఇన్ని మార్పుల తరువాత కూడా 92కు 16 గ్రాముల దూరం మిగిలింది, పలుకు చిన్నదైంది గాని పోలేదు.

పప్పును ముందే ఎనిపి, ఎండబెట్టి, మిక్సీలో రవ్వగా పట్టడమూ చూశాను. రవ్వ ముతకగా ఉంటే నలకలు మిగులుతున్నాయి, మెత్తని పిండి చేస్తే వేడినీళ్లలో ఉండలు కట్టి శనగపిండి పులుసు రుచి వస్తోంది.

ఇప్పుడు నా నమ్మకమంతా మందం మీద ఉంది. వెర్నియర్‌తో కొలిస్తే ఎండిన బద్ద 2.5 మిల్లీమీటర్లు ఉంది. నీరు లోపలికి ఇంకడానికి పట్టే కాలం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది; అంటే మందం సగమైతే కాలం నాలుగో వంతు అవుతుంది. అటుకులు చన్నీళ్లలో కూడా నిమిషాల్లో నానేది అవి నలిగి పలచబడినవి కాబట్టే. ఉడికిన కందిపప్పును అదే తీరున నొక్కితే పలుకు మిగలడానికి చోటే ఉండకూడదు. సన్నని కాగితాల మధ్య పెట్టి అప్పడాల కర్రతో మెల్లగా ఒత్తి, పై పళ్లెంలో 54 డిగ్రీల దగ్గరే ఎండబెట్టాలని అనుకుంటున్నాను.

గోంగూర పొడి, టమాటా చారుపొడి బాగా కుదిరాయి. ఎంటీఆర్ తినడానికి సిద్ధంగా ఉండే పొట్లాలు రుచిలో మంచివే, కాని 300 గ్రాముల పొట్లంలో ఎక్కువ భాగం నీళ్లే. వాటిని బర్షేణి నుంచి బయలుదేరే మొదటి రోజుకే ఉంచుతున్నాను. పొయ్యి విషయంలో కోవియా స్పైడర్‌నే సమర్థిస్తాను, ఎందుకంటే గ్యాసు డబ్బాను తలకిందులుగా పెట్టి చలిలోనూ వాడవచ్చు. ఉత్త బ్యూటేన్ డబ్బాలను మాత్రం ఎవరూ నమ్ముకోవద్దు; సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బాలే కావాలి, అవీ కుల్లు, మనాలి ప్రాంతంలోనే కొనాలి. విమానంలో ఏ సామానులోనూ వాటిని అనుమతించరు. ఉపగ్రహ సందేశ పరికరాలను కూడా అనుమతి లేకుండా మన దేశంలో తీసుకెళ్లకూడదు. విదేశాల నుంచి వచ్చే మిత్రులకు ఈ మాట ముందే గట్టిగా చెప్పండి.

పటంలో ఇంకో చిక్కు ఉంది. మాన్‌తలాయి 4,100 మీటర్లు, కనుమ కింది మకాం 4,900. ఒక్క రాత్రిలో పడక ఎత్తు 800 మీటర్లు పెరుగుతోంది. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వతవైద్యులు చెబుతారు కనుక, మధ్యలో 4,500 చుట్టుపక్కల చదునైన చోటు వెతుకుతున్నాను. నా దగ్గరున్న ఎత్తుల సమాచారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచినది. అప్పటి నుంచి హిమానీనదం వెనక్కి తగ్గింది కాబట్టి, దాని మూతి దగ్గర పటంలోని ఎత్తు గీతలను నమ్మకుండా ఇటీవలి ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూస్తున్నాను. అదనపు మకాం అంటే అదనపు పూట వంట, అంటే మళ్లీ గ్యాసు లెక్క, మళ్లీ పప్పు లెక్క.

తరువాతి పరీక్షకు 1.5 మిల్లీమీటర్ల మందం, 86 డిగ్రీల నీళ్లు, ఫ్రిజ్‌లో ఇరవై అయిదు నిమిషాలు, మధ్యలో ఒకే వేడి. 85 గ్రాములు దాటితే కందిపప్పు సంచిలోకి ఎక్కుతుంది. దాటకపోతే మాన్‌తలాయికి పైన పెసరపప్పే వండుకుని, కందిపప్పును ఖీర్‌గంగ, టుండాభుజ్ మకాంలకు కేటాయిస్తాను. అక్కడ నీళ్లు 90 డిగ్రీల చుట్టుపక్కల తెర్లుతాయి.