దుంప కోస్తే గాని తెలియదు

జన్యువును చొప్పించడమే అసలు కష్టమనుకుని ఈ పనిలో దిగాను. తీరా చూస్తే ఆ ముక్క మూడు రోజుల్లో అయిపోయింది. దానికి ముందూ వెనకా కలిపి రెండేళ్లు పట్టింది.

పనామా ఎండు తెగులును తట్టుకునే కావెండిష్ అరటిని తయారుచేయడం మా పని. ఫ్యుజేరియం శిలీంధ్రంలో టీఆర్4 అనే తెగ వేళ్ల గుండా దుంపలోకి చేరి నీటి నాళాలను పూడ్చేస్తుంది. ఏ మందుకూ లొంగదు, నేలలో దశాబ్దాలు బతుకుతుంది. సంకరం చేద్దామంటే కావెండిష్‌కు గింజే కట్టదు. అందుకే ఒక అడవి అరటి నుంచి తీసిన ఆర్‌జీఏ2 జన్యువును ఎంచుకున్నాం. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జేమ్స్ డేల్ బృందం ఇదే జన్యువుతో రూపొందించిన క్యూక్యావ్-4 రకానికి 2024లో ఆ దేశం అనుమతి ఇచ్చింది. తమాషా ఏమిటంటే ఈ జన్యువు కావెండిష్‌లోనూ ఉంది, కాకపోతే మగతగా పడి ఉంటుంది.

మొదలుపెట్టేది అరటిపువ్వుతో. రేకులు ఒక్కొక్కటే ఒలుచుకుంటూ పోతే చివరికి గోరంత తెల్లటి మొగ్గ మిగులుతుంది. మైక్రోస్కోపు కింద అందులోని లేత మగపూల వరుసలను విడదీసి పోషక జెల్లీ మీద పరచాలి. చేతితొడుగుల నిండా అరటి కర. చాలావరకు నల్లబడి చచ్చాయి. అయిదో నెలలో ఏ కొన్నింటి మీదో ఆవగింజలంత తెల్లని పిండాలు లేచాయి. వాటిని ద్రవంలో వేసి, చీకట్లో ఊపుతూ కణాలను పెంచాను. ఒక సోమవారం వచ్చి చూస్తే నాలుగు ఫ్లాస్కుల్లో ద్రవం మసకబారి ఉంది. బ్యాక్టీరియా! మూత తీసిన ఫ్లాస్కును, క్రిములు చేరకుండా వెలిగించే మంటకు దూరంగా పట్టుకున్నది నేనే. నాలుగు నెలల పని కాలువపాలు.

మిగిలిన కణాలను ఆగ్రోబ్యాక్టీరియంతో మూడు రోజులు కలిపి ఉంచాం. తన డీఎన్ఏ ముక్కను మొక్కలోకి దూర్చే గుణం ఆ మట్టి బ్యాక్టీరియాకు పుట్టుకతోనే ఉంది, మేము ఆ ముక్కను మార్చి ఇచ్చామంతే. తర్వాత ఆ బ్యాక్టీరియాను ఒక మందుతో చంపి, జన్యువు అందని కణాలను మరో మందుతో ఏరేశాం. చివరికి 23 వరుసల మొక్కలు చేతికొచ్చాయి, జన్యువు అందిన ఒక్కో కణం నుంచి పెరిగినవి ఒక్కో వరుస.

చిరుధాన్యపు గింజల మీద పెంచిన శిలీంధ్రాన్ని కుండీల మట్టిలో కలిపాం. జన్యువు పెట్టని మొక్కల్లో అడుగు ఆకుల అంచులు పసుపెక్కి, కాడలు విరిగి వేలాడాయి. 11వ వరుస మాత్రం పచ్చగా నిలబడితే మురిసిపోయాను. మూడో నెలలో దుంప అడ్డంగా కోస్తే లోపలంతా ఎర్రటి గోధుమరంగు మచ్చలు. ఆకును నమ్మకూడదని మా మేడం మొదటి రోజే చెప్పారు, వినలేదు.

ఆకులు ముడుచుకుని పొట్టిగా ఉందని నేను పారేయబోయిన 17వ వరుసలో అయిదు దుంపలకు నాలుగు తెల్లగా ఉన్నాయి. ఇంతకాలం సీసాల్లో పెరిగిన మొక్కలు ఇలా రూపు మారడం మామూలే, గెల వేస్తుందో లేదో మాత్రం అనుమానం. అయిదో దుంపలో వెంట్రుకంత గోధుమ గీత కనిపించింది. శిలీంధ్రం ఉందేమో చూద్దామని ఆ ముక్కను కోసి పెట్రీ గిన్నెలో పెట్టాను.

మూడో రోజుకు దాని చుట్టూ తెల్లని నూగు లేచింది.