మైదా పిండితో మా ఇంటి క్రిస్మస్

రెండేళ్ల పిల్లలతో క్రిస్మస్ డెకరేషన్ చేయాలంటే మైదా పిండిని మించింది లేదు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, కప్పుకి కాస్త తక్కువ నీళ్లు. చపాతీ పిండిలా గట్టిగా కలిపి ముందు పెడితే చాలు, మా పాప గుద్దుతుంది, నొక్కుతుంది, పీకుతుంది. ఎంత సంతోషమో! కొంచెం మందంగా ఒత్తి తన అరచెయ్యి అచ్చు వేయించాను. దారం కట్టడానికి పైన స్ట్రాతో చిన్న రంధ్రం. డిసెంబర్‌లో మన హైదరాబాద్ ఎండ పొడిగా ఉంటుంది కదా, బాల్కనీలో తిప్పుతూ ఆరబెడితే ఓవెన్ అవసరమే రాలేదు. ఆరాక రంగులు.

ఆ ముద్దలో ఉప్పు చాలా ఎక్కువ, నోట్లో మాత్రం పెట్టనివ్వకండి. మూడేళ్ల లోపు పిల్లలకు పూసలు, గుండీలు అసలే వద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. బదులుగా దూది ఇవ్వండి. పేపర్ ప్లేట్ మీద అంటిస్తే క్రిస్మస్ తాత గడ్డం రెడీ.

అచ్చు వెనక పేరు, సంవత్సరం రాశాను. సికింద్రాబాద్‌లో అమ్మమ్మ వాళ్లింటికి కేక్‌తో పాటు ఒకటి తీసుకెళ్తున్నాం. పండగ అయ్యాక వీటిని టిష్యూలో చుట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచండి. వానాకాలం తేమ తగిలితే మెత్తబడిపోతాయి.