గేట్లు ఎత్తిన రోజు సాగర్‌కు వచ్చిన పైసలు ఎటు పోతున్నాయి?

మా మేనత్త నాగార్జునసాగర్ హిల్ కాలనీలో ఉంటుంది, సెలవు రోజుల్లో రోడ్డు పక్కన చేపలు వేయించి అమ్ముతుంది. 2024 ఆగస్టులో గేట్లు ఎత్తినప్పుడు ఆమెకు సాయంగా పోయాను. ఆ రోజు చూసింది అప్పటి నుంచి నా మనసులో తిరుగుతూనే ఉంది.

ఆదివారం. ఎటు చూసినా కార్లే. గేట్లలోంచి దూకే నీళ్లు చూడాలని ఎవరికి ఉండదు? పొద్దున వెలిగించిన పొయ్యి రాత్రి దాకా ఆర్పలేదు, నా చేతుల మీద నూనె చిట్లి బొబ్బలు లేచాయి. రాత్రి కూర్చుని లెక్క చూస్తే అత్తమ్మకు మిగిలింది మామూలు ఆదివారం కంటే కాస్తంతే ఎక్కువ. ఇంత గిరాకీ అయితే ఇంతేనా అని అడిగాను.

"వరద టైంల పడవలు దించొద్దంటరు బిడ్డా, మనోళ్ల చేప యాడికెల్లి వస్తది? ఐసు పెట్టి బయటికెల్లి తెచ్చిందే కొనాలె, వాళ్లు చెప్పిందే రేటు" అంది.

అసలు సంగతి ఇదే. మామూలు రోజుల్లో అత్తమ్మ రవ్వ, బొచ్చె కొనేది ఇక్కడి జాలరి దగ్గరే. ఆయన ఆ డబ్బుతో కాలనీలో కిరాణా సామాను కొంటాడు, కొట్టు ఆయన అందులోంచే పిల్లల ట్యూషన్ ఫీజు కడతాడు, అట్లా ఒక్క రూపాయే ఊళ్లో నాలుగు చేతులు మారుతుంది. చదువుకునేటప్పుడు దీన్నే గుణకం అని బట్టీ పట్టాను, అర్థమైంది మాత్రం ఆ రాత్రే. గేట్లు ఎత్తిన రోజు ఆ రూపాయి చేపల బండి ఎక్కి అదే పూట ఊరు దాటిపోయింది. వచ్చినవాళ్లు కూడా చాలామంది నీళ్ల సీసాలు, బిర్యానీ హైదరాబాద్‌లోనే కట్టించుకుని, పెట్రోలు అక్కడే పోయించుకుని వస్తారు. రెండు మూడు గంటలు ఉండి ఫొటోలు దిగి వెళ్లిపోతారు. తెల్లారి ప్లేట్లు, కవర్లు ఎత్తాల్సింది ఇక్కడి మున్సిపాలిటీ కార్మికులు. ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆసుపత్రికి పోలేక టెన్షన్ పడేది ఇక్కడివాళ్లే.

పైగా గేట్లను నమ్ముకోవడమంటే ఎక్కడో మహారాష్ట్ర, కర్ణాటకల్లో పడే వానను నమ్ముకోవడం. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం అన్నీ నిండాకే మన వంతు. 2023లో ఆ వరద రాలేదు, గేట్లు లేవలేదు. ఆ ఏడు అత్తమ్మ చిట్టీ పాడి ఇల్లు నడిపింది.

అందుకే ఎన్ని లక్షల మంది వచ్చారని ఎవరైనా గొప్పగా చెప్తే నాకు సంతోషం కలగదు. వాళ్లు ఎంతసేపు ఉన్నారు, ఎవరి దగ్గర కొన్నారు? అది చెప్పాలి. పోచంపల్లినే చూడండి, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించింది. అక్కడ నేతన్న ఇంట్లో చీర కొంటే దారానికి చిటికి (రంగు అంటకుండా వేసే ముడి) కట్టినవాళ్లకు, రంగు అద్దినవాళ్లకు, మగ్గం మీద కూర్చున్నవాళ్లకు తలా ఇంత అందుతుంది. అదే డిజైన్ ప్రింటు వేసిన మిల్లు బట్ట కొంటే మగ్గానికి దక్కేదేమీ లేదు. అందుకే కొనేముందు తిప్పి చూడండి, అట్లా దారానికే రంగు అద్ది నేసిన ఇక్కత్ బట్ట రెండు వైపులా ఒకేలా ఉంటుంది.

సాగర్‌కు నీళ్లతో పనిలేని ఆకర్షణ కూడా ఉంది. 274 ఎకరాల బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం 2022 మేలో తెరిచారు, ఎండాకాలం సాయంత్రం పూట కూడా తిరగొచ్చు. మర్నాడు పొద్దున లాంచీలో నాగార్జునకొండకు పోయి మ్యూజియం చూసుకుంటే ఒక రాత్రి ఇక్కడ ఉన్నట్టే కదా. ఒక రాత్రి అంటే ఒక గది, రాత్రి భోజనం, పొద్దున టిఫిను, చాయ్, ఒక ఆటో. అదీ వరద లేని రోజుల్లో, మన జాలరి పట్టిన చేపతో!

అత్తమ్మ ఇంట్లో వెనక గది ఖాళీగానే ఉంది. సున్నం వేయించి, మంగళవారమో బుధవారమో వచ్చేవాళ్లకు ఇద్దామా అని అడిగాను. "మంచిగనే ఉంటది గని, బాత్రూం కట్టియ్యాలె గద" అంది. మేస్త్రీని పిలిపించాం, కొలతలు తీసుకుపోయాడు.